కథ ఏ ఏడాదిలో మొదలెట్టాలి?

నైరాకి 14 రూపాయల దాకా పలికిన రోజులు నాయనా అవి. నవ్వకు. ఇప్పుడు రూపాయికే గుప్పెడు నైరాలు వస్తాయని నాకూ తెలుసు, పేపరు నేనూ చదువుతాను. 1980 ప్రాంతంలో మాత్రం నైజీరియా నైరా అమెరికా డాలరుని మించిన డబ్బు. లీటరు పెట్రోలు 15 కోబోలు. నూరు కోబోలైతే ఒక నైరా. లెక్క నువ్వే వేసుకో, ఇంజనీరువి కదా.

1976లో ఆ దేశంవాళ్ళు పిల్లలందరికీ ప్రాథమిక చదువు ఉచితమని చాటారు. బళ్ళు లేచాయి, పిల్లలు వచ్చారు, పాఠాలు చెప్పేవాళ్ళే చాల్లేదు. చమురు డబ్బు చేతినిండా ఉంది గనక పైదేశాల నుంచి పంతుళ్ళని పిలిపించుకున్నారు. ఆ పిలుపందుకుని మన దేశం నుంచి వెళ్ళిన లెక్కల మాస్టార్లలో మీ తాతయ్య ఒకరు. వెనకాల నేనూ, నా ఆవకాయ జాడీ. వెళ్ళి దిగింది ఉత్తరాన ఉన్న కడూనాలో.

నిన్న నైజీరియా వార్తలు చూస్తూ "వీళ్ళెందుకమ్మమ్మా ఇలా కొట్టుకు చస్తారు, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో చెప్పగలిగితే వాళ్ళే చెప్పేసుకుని ఊరుకునేవాళ్ళు. ఆ ఫోను బోర్లించి, దుప్పటి కప్పుకుని కూర్చో. నీకేం తొందర, రేపు ఆదివారం.

కడూనా పాత ఊరు కాదు. లుగార్డ్ అని ఒక తెల్లదొర, ఉత్తరాదికి రాజధానిగా ఏటి ఒడ్డున కట్టించిన ఊరు. మేం వెళ్ళేసరికి గుడ్డల మిల్లులు, 1975లో పెట్టిన పెజో కార్ల ఫ్యాక్టరీ, ఆఫీసులు, బళ్ళు. హౌసావాళ్ళు, ఫులానీలు, యొరూబాలు, ఇబోలు, దక్షిణపు కొండల చిన్నచిన్న తెగలవాళ్ళు, ఇందరూ ఒకే మిల్లు కూతకి లేచి పనిలోకి పోయేవాళ్ళు.

మర్యాదల సంగతి చెప్పాలంటే, హౌసావాళ్ళ ముందు మనం మొరటు మనుషులమే. పొద్దున ఎదురుపడితే ఎలా నిద్రపట్టింది, ఇల్లెలా ఉంది, పనెలా ఉంది అని వరసపెట్టి అడుగుతారు. ఆఖరికి నీ అలసట ఎలా ఉందని కూడా అడుగుతారు! అన్నిటికీ "లాఫియా" అనాలి, కులాసా అని. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా ముందు లాఫియా, తర్వాతే నొప్పి. బజారులో ఇవన్నీ దాటించి ముందే ఉల్లిపాయల ధర అడిగితే రెట్టింపు చెప్పేవాళ్ళు. నాలుగు వారాలు రెట్టింపు కట్టాక నాకూ పలకరింపులు వంటబట్టాయి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్నారా!

తిండికి ఇబ్బందేం పడలేదు. బొబ్బర్లు రుబ్బి గారెల్లా నూనెలో వేయించి పొద్దున్నే అమ్మేవాళ్ళు, కొసయ్ అంటారు. ఫులానీ ఆడవాళ్ళు ఎండిన ఆనపకాయ బుర్రల్లో పెరుగు తెచ్చేవాళ్ళు, దాంట్లో సజ్జపిండి ముద్ద చిదిమి ఇచ్చేవాళ్ళు. డిసెంబరు వస్తే ఎడారి నుంచి హర్మటాన్ గాలి. పొడి దుమ్ము. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి నీ పేరు రాసుకోవచ్చు.

డబ్బు చేసిన వింతలు ఇంకా ఉన్నాయి. మేం వెళ్ళకముందు, 1975లో, ఏలినవారు ఒక్క ఊపులో 2 కోట్ల టన్నుల సిమెంటుకి ఆర్డరు పెట్టారుట. లాగోస్ రేవేమో ఏడాదికి అందులో ఇరవయ్యో వంతు దించుకుంటే గొప్ప. వందల ఓడలు సముద్రం మీద నెలల తరబడి కాపలా కాశాయి, కదలకుండా నిలబడ్డందుకు రోజువారీ పరిహారం పుచ్చుకుంటూ. కొన్నిట్లో సిమెంటు గోనెల్లోనే గట్టిపడిపోయింది. కొత్తగా డబ్బొచ్చిన ఇంట్లో పెళ్ళికి లడ్లు ఎన్ని చెప్పాలో తెలీదు చూడు... సరే, సిమెంటు వదిలేయ్. కొట్లాట గురించి కదా అడిగావు.

మీ చిన్నతాతయ్యవాళ్ళతో మనకి పొలం గట్టు తగువు ఉండేది, విన్నావు కదూ. నేను చెబితే అది వాళ్ళు మన వేపచెట్టు కొట్టేసిన ఏడాది మొదలవుతుంది. వాళ్ళు చెబితే, మీ తాతయ్య గట్టు రెండడుగులు జరిపిన ఏడాది మొదలవుతుంది. రెండూ జరిగినవే. కథ ఏ ఏడాదిలో ఎత్తుకున్నామన్న దాన్ని బట్టి దొంగ ఎవరో తేలిపోతాడు. ఇంత చిన్న సంగతి నాకు కడూనాలో మా ఇరుగుపొరుగు దగ్గర తెలిసొచ్చింది.

మా ఎదురింట్లో ఒక ఇబో కుటుంబం. తూర్పు ప్రాంతం వాళ్ళు, క్రైస్తవులు, మోటారు విడిభాగాల కొట్టు.   ఆ ఇంటావిడ కథ 1966 సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలయ్యేది. ఆ నెలల్లో ఉత్తరాది ఊళ్ళల్లో ఇబోవాళ్ళని వెతికి వెతికి చంపారు. చచ్చినవాళ్ళు వేలల్లో. బతికిన 10 లక్షల పైచిలుకు జనం రైళ్ళలో, లారీల్లో తూర్పుకి పారిపోయారు. ఈవిడ చంకలో పిల్లతో, కట్టుబట్టలతో రైలెక్కిందిట. 1967 మే 30న అక్కడ ఒజుక్వు అనే సైన్యాధికారి బయాఫ్రా అని వేరే దేశం ప్రకటించాడు. యుద్ధం ముప్పై నెలలు సాగింది. దారులన్నీ మూసేస్తే తిండి లేక పోయినవాళ్ళే ఎక్కువ, 10 లక్షలకి తక్కువుండరని అంటారు. "పిల్లల జుట్టు ఎర్రబడితే ఇక రోజులు దగ్గర పడ్డట్టు" అని ఆవిడ చెబుతుంటే నేను చేతిలో పని ఆపేసేదాన్ని.

వీధి చివర ఒక పెద్దాయన, హౌసా ముసల్మాను, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. అందరూ మాల్లం అనేవాళ్ళు, మనం పంతులుగారూ అన్నట్టు. ఆయన కథ అదే ఏడాదిలో, కాని జనవరి 15న మొదలయ్యేది. ఆ రాత్రి కొందరు కుర్ర మేజర్లు తిరగబడ్డారు. ఉత్తరాది జనం తండ్రిలా చూసుకునే అహ్మదు బెల్లోని ఇదే కడూనాలో ఆయన ఇంట్లోనే కాల్చేశారు. ప్రధాని తఫావా బలేవానీ చంపేశారు. ఆయనా ఉత్తరాదివాడే. తిరగబడ్డ మేజర్లలో ఎక్కువమంది ఇబోలు, తూర్పు నాయకులు మాత్రం ప్రాణాలతో మిగిలారు. ఇక జనం నోళ్ళు మూయించేదెవరు? కడూనాలో దళాన్ని నడిపిన మేజరు న్జియోగ్వు ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాడు. హౌసా ధారాళంగా మాట్లాడేవాడు, అతని పేరులోనే "కడూనా" ఉంది. ఊరి పేరు మోసినవాడే ఊరి పెద్దని చంపాడని మాల్లం తల కొట్టుకునేవాడు. ఆ మే నెలలో కొత్త సైనిక ప్రభుత్వం దేశమంతటికీ ఉద్యోగాలు ఒకటే గంపలో పోస్తామంది. చదువులో ముందున్న దక్షిణాదివాళ్ళు వచ్చి మా కుర్చీలన్నీ లాక్కుంటారని ఉత్తరాదిలో గగ్గోలు పుట్టి, మొదటి నెత్తురు అప్పుడు పడింది.

చూశావా? జనవరిలో ఎత్తుకుంటే ఒకరు దోషులు, అక్టోబరులో ఎత్తుకుంటే ఇంకొకరు. తొమ్మిది నెలల తేడా!

ఇప్పుడొక మాట చెబుతాను, నమ్ముతావో లేదో. 1970 జనవరిలో యుద్ధం ముగిశాక, గెలిచినవాడు లేడు ఓడినవాడు లేడు అన్నాడు దేశాన్నేలే జనరల్ గోవన్. చేతల్లో కొంత చూపించాడు, కొంత లేదు. బ్యాంకుల్లో ఎంత దాచుకున్నా సరే, బయాఫ్రా మనిషికి 20 పౌన్లు చేతిలో పెట్టి సరిపెట్టేశారు. మా ఎదురింటావిడ ఆ 20 పౌన్లతోనే భయపడుతూ కడూనా తిరిగొచ్చిందిట. వచ్చి చూస్తే ఇల్లు నిలబడే ఉంది. మాల్లం ఆ ఇంటికి అద్దెకి మనుషుల్ని పెట్టి, మూడేళ్ళ అద్దె లెక్క రాసి, డబ్బు మూటగట్టి ఉంచాడు. ఆవిడ ఒక్కతే కాదు, ఉత్తరాదిలో చాలా ఊళ్ళల్లో ఇబోల ఇళ్ళు అద్దెలతో సహా తిరిగి వాళ్ళ చేతికొచ్చాయి. చంపినవాళ్ళ ఊళ్ళల్లోనే లెక్క రాసిపెట్టినవాళ్ళూ ఉన్నారు. మనుషుల గురించి తొందరపడి తీర్పులు చెప్పకు నాయనా.

మరి తెల్లవాళ్ళ సంగతేమిటని అడగబోతున్నావు, నీ మొహంలో తెలుస్తోంది. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందని సామెత. 1914లో లుగార్డ్ దొర ఉత్తర, దక్షిణాల్ని కలిపి ఒకే నైజీరియా అన్నాడు. ప్రేమతో కాదు. ఉత్తరాది ఖజానా ఖాళీ, దక్షిణాది రేవుల్లో సుంకం డబ్బు పుష్కలం. ఒకదాని లోటు ఇంకోదాని మిగులుతో పూడ్చుకున్నాడు. ఖజానాలు కలిపాడు గాని మనుషుల్ని కలవనివ్వలేదు. ఉత్తరాది ముస్లిం ప్రభువులైన ఎమీర్ల చేతే ఎమీర్ల రాజ్యం నడిపించాడు, మీ పట్నాల్లోకి పాదిరీలని రానివ్వనని మాటిచ్చాడు. పాదిరీలు రాకపోతే వాళ్ళ బళ్ళూ రాలేదు. దాంతో ఉత్తరాదిలో రైలు నడపాలన్నా, తపాలా ఆఫీసులో ముద్ర కొట్టాలన్నా ఇంగ్లీషొచ్చిన దక్షిణాది గుమాస్తాలే దిక్కు. 1911లో రైలు ఉత్తరాదిలోని కానో పట్నం చేరింది. వచ్చిన గుమాస్తాలని పాతపట్నం గోడ లోపల ఉండనివ్వకుండా, బయట సబోన్ గరి అని వేరే పేట కేటాయించారు. గొడవలు రాకుండా అని చెప్పారులే. రెండు తరాలు పక్కపక్కనే బతికి కూడా ఒకళ్ళ పెళ్ళికి ఒకళ్ళు వెళ్ళలేదు. 1953లో స్వాతంత్ర్యం ఎప్పుడు కావాలన్న దాని మీద నాయకులు లాగోస్‌లో మాటామాటా అనుకుంటే, కానోలో ఆ పేట దగ్గర 36 మంది చచ్చిపోయారు. 1960 అక్టోబరు 1న జెండా ఎగిరింది. ఇల్లు అలకగానే పండగవుతుందా?

అయితే పాపమంతా దొరల నెత్తినే వేసి చేతులు దులుపుకుందామంటే అదీ కుదరదు. మీ తాతయ్య బళ్ళో చరిత్ర చెప్పే మాస్టారొకాయన ఉండేవాడు. కడూనాకి దక్షిణాన జంగోన్ కటాఫ్ అని ఒక ఊరు, ఆ చుట్టుపక్కల అత్యాప్ తెగవాడు. క్రైస్తవుడు, మహా నెమ్మదస్తుడు. ఆయన కథ 1966లో మొదలయ్యేదే కాదు, 1804 దాకా పోయేది! ఆ ఏడు ఉస్మాన్ దాన్ ఫోడియో అనే ఫులానీ పండితుడు, హౌసా రాజులు ధర్మం తప్పారని జిహాదు మొదలెట్టాడు. సొకోటో రాజ్యం పుట్టింది. దాని కింద జారియా ఎమీరు. ఆ జారియా గుర్రపు దండు కొండ తెగల మీద పడి మనుషుల్ని పట్టుకుపోయి బానిసలుగా అమ్మేది. తర్వాత తెల్లవాళ్ళు వచ్చి బానిస వేటలు ఆపించారు గాని, పాలించడానికి సులువని ఆ తెగల్ని తీసుకెళ్ళి అదే జారియా ఎమీరు కింద కట్టేశారు. పన్ను వసూలుకొచ్చే అధికారి హౌసా, తీర్పు చెప్పే ఖాజీ ముసల్మాను. "మా తాతని వేటాడినవాడి మనవడికే మా నాన్న శిస్తు కట్టాడు" అనేవాడాయన టీ తాగుతూ, చక్కెర చాలా అని అడిగినంత మామూలుగా.

మరి ఆ జంగోన్ ఊళ్ళోనే ఉన్న హౌసా వర్తకులని అడిగితే? మా ముత్తాతల ముత్తాతలు ఇక్కడ మజిలీ వేసి సంత పెట్టారు, మేం పరాయివాళ్ళమెలా అవుతామంటారు. అదీ నిజమే. ఎవరి ఏడాది వాళ్ళది.

ఇక మందుల సంగతి. గొడవ అయినప్పుడల్లా ఏలినవారికి ఒకటే మందు తోచేది, కొత్త గీత గియ్యడం. బయాఫ్రా ప్రకటనకి మూడు రోజుల ముందు గోవన్ దేశాన్ని 12 రాష్ట్రాలు చేశాడు. పెద్ద జాతుల కింద నలిగే చిన్న జాతులకి ఊపిరి పోద్దామనే. 1976లో అవి 19 అయ్యాయి, 1987లో 21, 1991లో 30, 1996లో 36. ప్రతిసారీ నలిగేవాళ్ళకి సొంతిల్లు దొరికిన మాట నిజం. ఇల్లు చేతికి రాగానే వాళ్ళు చేసిన మొదటి పని ఏమిటో తెలుసా, పక్కవాడిని పరాయివాడనడం. పోర్ట్ హార్‌కోర్ట్ చుట్టూ ఉన్న చిన్న తెగలు ఇబోల పెత్తనం కింద ఉండలేమని సొంత రాష్ట్రం తెచ్చుకున్నాయి. యుద్ధం అయ్యాక ఇబోలు తిరిగొస్తే, మీరు వదిలేసిన ఇళ్ళు ఇక మావేనన్నారు. కడూనాలో పాత శత్రువు ఇల్లు అప్పజెప్పాడు, అక్కడ పాత పొరుగువాడు తాళం మార్చాడు.

దీనికి తోడు ఒక కాగితం వచ్చిపడింది. ఫలానావాడు ఈ చోటు మూలవాసి అని స్థానిక అధికారులిచ్చే పత్రం. ఉద్యోగానికీ, కాలేజీ సీటుకీ, ఫీజుకీ అదే కావాలి. నాకిది వినగానే, ఉద్యోగాలు స్థానికులకేనన్న మన ముల్కీ గొడవలు గుర్తొచ్చాయి. 1969లో తెలంగాణలో, 1972లో ఆంధ్రలో, బళ్ళు మూతబడ్డాయి, రైళ్ళు ఆగాయి. ఎవరి వాదన వాళ్ళకుంది, ఇప్పుడా తేనెతుట్టె కదపను. ఒక్క తేడా మాత్రం చూడు. నిజాం కాలం నాటి ముల్కీ నిబంధనలో పరాయివాడు పదిహేనేళ్ళు కాపురముండి, ఇక్కడే ఉండిపోతానంటే ముల్కీ అయ్యేవాడు. నైజీరియాలో అదేం పనికిరాదు. 1979 రాజ్యాంగంలో ఫలానా రాష్ట్రంవాడు అనిపించుకోవాలంటే తల్లిదండ్రులో, వాళ్ళ తల్లిదండ్రులో ఆ చోటి మూలజాతి వాళ్ళయి ఉండాలన్నారు. మా ఎదురింటి పిల్లలు కడూనాలో పుట్టారు, హౌసాలో కలలు కనేవాళ్ళు. కాగితం అడిగితే ఎన్నడూ చూడని తాతగారి ఊరు పొమ్మనేవాళ్ళు.

పొమ్మనడం అంటే గుర్తొచ్చింది, ఈ ఒక్క పక్కదారి పట్టనీ. 1969లో ఘనా దేశం, పత్రాలు లేని పరదేశీయులంతా రెండు వారాల్లో వెళ్ళిపోవాలంది. మూటలు కట్టినవాళ్ళల్లో ఎక్కువమంది నైజీరియా వర్తకులు. 1983 జనవరిలో, చమురు ధర పడిపోయాక, నైజీరియా వంతు వచ్చింది. వెళ్ళగొట్టిన 10 లక్షల మందికి పైగా జనంలో ఎక్కువమంది ఘనావాళ్ళు. మేం అప్పుడక్కడే ఉన్నాం. నీలం, ఎరుపు గళ్ళ ప్లాస్టిక్ సంచులు బజారులో మాయమైపోయాయి, సామాను కుక్కుకోడానికి అవే గతి. ఈనాటికీ ఆ సంచిని అక్కడ "ఘనా మస్ట్ గో" అనే అంటారు. కలిమిలేములు కావడి కుండలు. లేమి వైపు ఒరిగినప్పుడు ముందు దొర్లిపోయేది పరాయివాడే.

మేం తిరిగొచ్చేశాక చరిత్ర మాస్టారి ఊరు పేరు పేపర్లో చూశాను. 1992 ఫిబ్రవరిలో అక్కడ సంత చోటు మార్చబోయారు. స్థానిక మండలికి అప్పటి అధ్యక్షుడు అత్యాప్ మనిషి. హౌసా పేట నడిబొడ్డున ఉన్న సంతని ఊరి బయటకి జరపమన్నాడు. ఉల్లిపాయలు ఎక్కడ అమ్మాలనే తగువే కదా అనుకుంటాం. అత్యాప్‌వాళ్ళకి అది 1804 తగువు, హౌసావాళ్ళకి తాతలనాటి ఇంటి గడప తగువు. ఫిబ్రవరిలో పదుల్లో పోయారు, మేలో వందల్లో. మంటలు కడూనా పట్నానికీ పాకాయి. 2000 ఫిబ్రవరిలో షరియా చట్టం మీద కడూనాలోనే కొట్లాట రేగి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత క్రైస్తవులు ఏటికి దక్షిణం ఒడ్డుకీ ముస్లింలు ఉత్తరం ఒడ్డుకీ ఇళ్ళు మార్చేసుకున్నారు. నేనుండగా అందరినీ ఒకే కూతకి లేపిన మిల్లులు కూడా 2007 నాటికి ఒకటొకటిగా మూతబడ్డాయి. ఈసారి గీత గియ్యడానికి ఏ దొరా రానక్కర్లేకపోయింది.

నిద్రొస్తోందా? ఇంకొక్కటే. ఆ 1992 కొట్లాటల్లో రెండు వైపులా కుర్రాళ్ళని ఎగదోసినవాళ్ళు ఇద్దరున్నారు. పాస్టరు జేమ్స్ వుయే, ఇమాము ముహమ్మద్ అషఫా. పాస్టరుకి కుడిచెయ్యి పోయింది. ఇమాముకి గురువుగారూ, ఇద్దరు అన్నదమ్ముల వరస వాళ్ళూ పోయారు. మూడేళ్ళ తర్వాత ఒకరికొకరు పరిచయమై, 1995లో కడూనాలోనే ఇద్దరూ కలిసి మతాల మధ్య రాజీకి ఒక సంస్థ పెట్టారు. వెంటనే ప్రాణస్నేహితులైపోయారనుకోకు. మొదట్లో ఒకే గదిలో పడుకోవాల్సి వచ్చినప్పుడు, దిండు మొహం మీద నొక్కి ఇతన్ని చంపేద్దామా అనిపించిందని పాస్టరే తర్వాత చెప్పుకున్నాడు. 2002 ఆగస్టులో ఊళ్ళోని రెండు మతాల పెద్దల చేతా శాంతి ఒప్పందం మీద సంతకాలు పెట్టించారు. నవంబరులో మళ్ళీ గొడవ, మళ్ళీ రెండొందల దాకా శవాలు. అయినా వాళ్ళు మానలేదు. మంత్రాలకి చింతకాయలు రాలవని వాళ్ళకీ తెలుసు. చెట్టెక్కి ఒక్కోటి కోస్తున్నారు, అంతే.

అందుకని నాయనా, ఆఫ్రికా గురించే అవనీ, మన వీధి గురించే అవనీ, ఎవరైనా నీకు పగల కథ చెబితే నోరు మూసుకుని మొత్తం విను. విన్నాక "దానికి ముందేం జరిగింది?" అని ఒక్క మాట అడుగు. మొదటిసారి సంబరంగా చెబుతారు. రెండోసారి అడిగితే విసుక్కుంటారు. మూడోసారికి నువ్వు ఎవరి పక్షమని నిలదీస్తారు. నాలుగోసారి కూడా కోపం తెచ్చుకోకుండా కూర్చుని, తన వాళ్ళు చేసిన పాడు పని కూడా చెప్పినవాడు దొరికితే, వాడిని మాత్రం భోజనానికి మనింటికి తీసుకురా.